తెరెరే బొంబియ్యా మూసుకుపోతుంటే

తెరెరే అంటే యెర్బా మాతే అనే ఎండుటాకు మీద చన్నీళ్లు పోసుకుని తాగే పరాగ్వే వాళ్ల పానీయం. ఆ కప్పు నలుగురిలో తిరుగుతుండగా పీల్చే గొట్టం (బొంబియ్యా) మూసుకుపోవడం నాకూ మామూలే అయింది. తప్పు గొట్టానిది కాదు, పొడిది. అక్కడి యెర్బా మాతేలో ఆకుతోపాటు పుల్లలు, దుమ్ము కూడా ఉంటాయి.

ఇప్పుడు గ్వాంపాలో, అంటే కొమ్ము కప్పులో, మూడింట రెండొంతులే ఆకు పోస్తాను. అరచేత్తో మూతి మూసి, తలకిందులు చేసి నాలుగైదుసార్లు ఆడిస్తే దుమ్మంతా చేతికి అంటుతుంది. ఆకును ఒక పక్కకు వాల్చి, రెండో పక్క గుంటలో కాస్త చన్నీళ్లు పోసి రెండు నిమిషాలు ఆగాలి. ఆకు ఉబ్బాకే, గొట్టం పైచివర బొటనవేలితో మూసి, గోడవారగా దింపాలి. ఆ తర్వాత కలిపితే పని మళ్లీ మొదటికొస్తుంది!

జాడీలో లీటరు నీళ్లు, ఐసు, పుదీనా, నిమ్మగడ్డి. మూలికలను రోట్లో నలగ్గొట్టాలంతే, మెత్తగా నూరితే ఆ పిప్పే గొట్టానికి అడ్డుపడుతుంది.

ఈ నీళ్లెప్పుడూ గొట్టం పక్కనే, కొద్దికొద్దిగా పొయ్యాలి. ఆకంతా ఒకేసారి తడిస్తే నాలుగు వంతులకే చప్పబడుతుంది. పోసేది ఒక్కరే, తాగినవాళ్లు కప్పు పోసినవాళ్లకే తిరిగివ్వాలి. మధ్యలో మర్యాదకని ‘గ్రాసియాస్’ (థాంక్స్) అనకండి, అక్కడ దానికి ఇక చాలని అర్థం, మీ వంతు దాటిపోతుంది.