వైజాగ్‌లో మీ కంపెనీ ఏదైనా స్వచ్ఛంద సంస్థతో చేయి కలపాలనుకుంటే

ఫిబ్రవరి దాటిందంటే చాలు, మన ఊళ్లో హెచ్‌ఆర్ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్: "మంచి ఎన్జీవో ఎవరైనా ఉంటే చెప్పండి, మార్చి 31 లోపు ఖర్చు చూపించాలి." ఆ టైమ్‌లో వెతికితే దొరికేది మంచి సంస్థ కాదు, తొందరగా రసీదు ఇచ్చే సంస్థ. అందుకే ఈ పని జూన్, జూలైలోనే మొదలుపెట్టండి. అప్పుడైతే నాలుగు చోట్లకు వెళ్లి చూడటానికి, నచ్చకపోతే వద్దనుకోవడానికి తీరిక ఉంటుంది.

ముందు మీకు చట్టం వర్తిస్తుందో లేదో తేల్చుకోండి. కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 135 ప్రకారం, ముందటి ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ, వీటిలో ఏ ఒక్కటి చేరినా గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చు పెట్టాలి. ఆ మొత్తం 50 లక్షలు దాటకపోతే విడిగా కమిటీ కూడా అక్కర్లేదు, బోర్డే చూసుకుంటుంది. ఆటోనగర్‌లో వర్క్‌షాపు, సిరిపురంలో ఇరవై మంది కూర్చునే ఐటీ ఆఫీసు లాంటివైతే ఈ గొడవ లేదు. మీ డబ్బు, మీ ఇష్టం. నిజానికి అలాంటి కంపెనీలే ఈ పని బాగా చేయగలవని నా నమ్మకం, ఎందుకంటే ఎవరికీ ఫారాలు నింపి చూపించాల్సిన పని లేదు.

ఇక ఎక్కడ చేయాలి? కంపెనీ నడిచే చోటికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఇక్కడో చిన్న తికమక వచ్చింది. ఆఫీసు ద్వారకానగర్‌లో ఉంటుంది, ప్లాంటు పరవాడలోనో అచ్యుతాపురంలోనో ఉంటుంది, అంటే అనకాపల్లి జిల్లా. కార్యక్రమం మాత్రం ఆర్కే బీచ్‌లో పెడతారు! మీ లారీల దుమ్ము, మీ చిమ్నీ వాసన భరించేది ప్లాంటు పక్క ఊళ్లవాళ్లు కాబట్టి మొదట వాళ్ల గడప తొక్కండి. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతంలో చేయాలనుకుంటే పాడేరు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం, అధికారులతో మాట్లాడాల్సి వస్తే అక్కడికే వెళ్లాలి.

ఏం చేయాలన్నది మీరు ఏసీ గదిలో కూర్చుని తేల్చకండి. అందరికీ ముందు తట్టేది స్కూలు బ్యాగులు, నోటుపుస్తకాలు. ప్రభుత్వ బడి పిల్లలకు అవి ఏటా సర్కారు కిట్‌లోనే వస్తున్నాయి. జాలరిపేట వైపు ఒక సాయంత్రం ట్యూషన్ సెంటర్‌కి వెళ్లినప్పుడు చూశాను: బీరువా తలుపు తీస్తే రకరకాల కంపెనీల లోగోలతో బ్యాగులు, కవర్లు కూడా విప్పలేదు. పాఠం చెప్పే అమ్మాయికి మాత్రం రెండు నెలలుగా జీతం లేదు. ఫ్యాన్ తిరుగుతోంది గానీ దానికి రెగ్యులేటర్ లేదు, వైర్లు రెండూ కలిపి టేపు చుట్టారు. ఆ సెంటర్‌కి కావాల్సింది ఏమిటో అక్కడ పది నిమిషాలు కూర్చుంటే ఎవరికైనా తెలిసిపోతుంది, కానీ బ్యాగులు పంచినవాళ్లలో ఒక్కరూ కూర్చున్నట్టు లేదు.

ఊరి క్యాలెండర్ కూడా చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట నిషేధం, మరపడవలు హార్బర్‌లోనే ఉంటాయి, ఆ ఇళ్లలో చేతిలో డబ్బు ఆడదు. సరిగ్గా అప్పుడే బడి ఫీజులు, పుస్తకాల ఖర్చులు వచ్చిపడతాయి. కేజీహెచ్ (పెద్ద ప్రభుత్వాసుపత్రి) దగ్గర సంగతి వేరు, అక్కడ ఏడాదంతా అవసరమే. శ్రీకాకుళం నుంచి, ఏజెన్సీ నుంచి రోగితో పాటు వచ్చినవాళ్లకి రాత్రి పడుకోవడానికి చోటు, ఒక పూట భోజనం, ఏ వార్డు ఎటో చెప్పే మనిషి ఉంటే పెద్ద సాయం. ఇలాంటి పని ఇప్పటికే చేస్తున్నవాళ్లు ఉంటారు, వాళ్లని వెతికి పట్టుకోవాలి. మీరు కొత్తగా ఒక పథకం కనిపెట్టి, దానికి ఇంగ్లిష్‌లో ఒక పేరు పెట్టి, వాళ్ల నెత్తిన రుద్దక్కర్లేదు.

సంస్థ దొరికాక కాగితాలు. సీఎస్ఆర్ డబ్బు ఇవ్వాలంటే ఆ ట్రస్టుకో సొసైటీకో ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు, కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఇచ్చే సీఎస్ఆర్-1 నంబరు ఉండాలి. ఈ నంబరు 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం కూడా చూపించాలి. స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే నీతి ఆయోగ్ వాళ్ల దర్పణ్ పోర్టల్‌లో పేరుందేమో చూడండి, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు అడగండి. పిల్లల హోమ్ అయితే బాల న్యాయ చట్టం సెక్షన్ 41 కింద రిజిస్ట్రేషన్ లేకుండా అడుగు ముందుకు వేయకండి, వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే.

కాగితాలు బాగున్నంత మాత్రాన సరిపోదు. పెళ్లి సంబంధానికి చేసినట్టే చుట్టుపక్కల ఎంక్వైరీ చేయండి. ఆ వీధి అంగన్‌వాడీ టీచర్ని, ఆశా కార్యకర్తని, మూల మీద టీ కొట్టు ఆయన్ని అడిగితే "ఆ మేడమ్ రోజూ వస్తారండీ" అంటారు, లేదా మొహమొహాలు చూసుకుంటారు. ఆదివారం కాకుండా ఏ బుధవారమో వెళ్లండి, హాజరు పట్టీ తిరగేయండి. దీనికి రివర్స్ కూడా ఉంది: పని బంగారంలా చేస్తూ కాగితాలు లేని చిన్న సంస్థలు చాలా ఉన్నాయి. సీఎస్ఆర్-1 ఫారం మీద సీఏ గానీ కంపెనీ సెక్రటరీ గానీ కాస్ట్ అకౌంటెంట్ గానీ డిజిటల్ సంతకం చేయాలి, అంతకంటే ముందు 12ఏ, 80జీ రావాలి. మీ కంపెనీ సీఏ గారి చేత ఆ పని ఉచితంగా చేయించి పెట్టండి, అది లక్ష రూపాయల చెక్కు కంటే ఎక్కువ కాలం ఉపయోగపడుతుంది.

డబ్బు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ గొడవలు ఇక్కడే. "జీతాలకు ఇవ్వం, వస్తువులకే ఇస్తాం" అనే కంపెనీలు చాలా. 5 శాతం నిబంధన అడ్డం వస్తుందంటారు. ఆ 5 శాతం పరిమితి మీ కంపెనీ సీఎస్ఆర్ విభాగం నిర్వహణ ఖర్చుకి, ప్రాజెక్టులో పాఠం చెప్పే టీచర్ జీతానికి కాదు. అది నేరుగా ప్రాజెక్టు ఖర్చే. ఫీల్డ్‌కి తిరిగే బండి పెట్రోలు, సెంటర్ అద్దె కూడా బడ్జెట్‌లో ప్రాజెక్టు ఖర్చుగా స్పష్టంగా రాయించండి. రెండోది వాయిదాలు. జూన్‌లో పని మొదలైతే మొదటి చెక్కు దసరాకి వచ్చే కంపెనీలున్నాయి. ఆ నాలుగు నెలలూ వాళ్లు అప్పు తెచ్చి నడపాలా? సగం ముందే ఇవ్వండి, మిగతాది లెక్కలు చూశాక.

మార్చి టెన్షన్‌కి కూడా చట్టంలోనే మందు ఉంది. మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ల దాకా సాగే ప్రాజెక్టుగా బోర్డు ఆమోదిస్తే, మిగిలిన డబ్బుని ఏప్రిల్ 30 లోపు విడిగా అన్‌స్పెంట్ సీఎస్ఆర్ ఖాతాలో వేసి తర్వాత ఖర్చు పెట్టుకోవచ్చు. పాత కంప్యూటర్లు, ఉద్యోగులు గడిపిన గంటలు రూపాయల్లోకి మార్చి సీఎస్ఆర్‌లో చూపిస్తే మాత్రం కుదరదు. ఇవ్వొద్దని కాదు, ఇవ్వండి, లెక్కలో రాయకండి అంతే. ఈ చట్టం వర్తించని చిన్న కంపెనీలు 80జీ మినహాయింపు కావాలంటే 2000 రూపాయలు దాటిన విరాళం నగదుగా ఇవ్వకూడదు.

స్టాఫ్‌ని కలుపుకోవాలనుకుంటే బీచ్ క్లీనింగ్ దగ్గర ఆగిపోకండి. ఎనభై మంది ఒకే రంగు టీషర్టులతో వచ్చి గంటలో సంచులు నింపి, టిఫిన్లు చేసి, ఆ టిఫిన్ ప్లేట్లు అక్కడే వదిలి వెళ్లడం నేను కళ్లారా చూశాను. చేయాలనుకుంటే నింపిన సంచులు ఎవరు ఎత్తుతారో జీవీఎంసీ (నగరపాలక సంస్థ) శానిటరీ ఇన్‌స్పెక్టర్‌తో ముందే మాట్లాడుకోండి, చలికాలం నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టే సీజన్ కాబట్టి అటవీ శాఖ వాళ్లనీ అడగండి. అంతకంటే, మీ అకౌంట్స్ అబ్బాయి నెలకో శనివారం వెళ్లి ట్యాలీలో వాళ్ల లెక్కలు సరిచేస్తే, మీ ఎలక్ట్రీషియన్ ఆ రెగ్యులేటర్ బిగించి వస్తే ఎక్కువ మేలు. వెళ్లే మనిషి మారకూడదు, వారానికో కొత్త ముఖమైతే పిల్లలకు అలవాటు కారు.

ఫోటోల గురించి ఎంఓయూలోనే, అంటే సంస్థతో చేసుకునే ఒప్పంద పత్రంలోనే రాసుకోండి. సంరక్షణ హోముల్లో ఉండే పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాల న్యాయ చట్టం సెక్షన్ 74 ప్రకారం నేరం, మీ లింక్డ్‌ఇన్ పోస్టుకి మినహాయింపేమీ లేదు. పెద్దవాళ్లయినా అడిగే తీయాలి. ఎండీ గారు వస్తున్నారంటే వారం రోజులు పాఠాలు మానేసి స్వాగత నృత్యం ప్రాక్టీస్ చేయిస్తారు, అద్దె కుర్చీలు, ఫ్లెక్సీ, శాలువా, బొకే. ఆ ఖర్చు ఎవరిదనుకుంటున్నారు? ఇవేవీ వద్దని మీరే ముందు ఫోన్ చేసి చెప్పాలి, వాళ్లంతట వాళ్లు మానలేరు.

రిపోర్టు మూడు నెలలకోసారి, రెండు పేజీలు, తెలుగులో ఉన్నా చాలు. ఏ లెక్కలు చూడాలో ఇద్దరూ కలిసి రెండో మూడో ఎంచుకోండి: ఎంతమంది రోజూ వస్తున్నారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎందుకు మానేశారు. ఏడాది చివర సీఏ సంతకంతో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే పత్రం) తీసుకోండి, మీ సీఎఫ్‌ఓ (ఆర్థిక వ్యవహారాల అధిపతి) ధ్రువీకరణకి అది కావాలి.

ఎంఓయూలో చాలామంది వదిలేసే షరతు ఒకటుంది, ఆపేయాల్సి వస్తే ఏం చేయాలన్నది. కంపెనీకి లాభాలు తగ్గొచ్చు, మేనేజ్‌మెంట్ మారొచ్చు, తప్పేం లేదు. కానీ ఆ మాట కనీసం ఆరు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలని, ఆ ఆరు నెలల జీతాలు మాత్రం ఆగకుండా ఇవ్వాలని రాయించండి. జూన్‌లో బడులు తెరిచే వారం కాకుండా డిసెంబర్‌లోనే చెబితే ఆ టీచరమ్మ వేరే ఉద్యోగం చూసుకుంటుంది, సంస్థ ఇంకో దాతని వెతుక్కుంటుంది.