సమాజ అధ్యయనం శాస్త్రమేనా? తేల్చుకునే పద్ధతి

సమాజ అధ్యయనం శాస్త్రమవుతుందా అని మొత్తంగా అడిగితే వాదన ఎటూ తెగదు. ఫ్రెంచి తత్వవేత్త ఒగూస్ట్ కోంట్ 1839లో సోషియాలజీ (సమాజశాస్త్రం) అన్న మాటను అచ్చులో వాడిన నాటి నుంచి అది సాగుతూనే ఉంది. కాబట్టి ఒక్క ప్రతిపాదనను ఎంచుకుని, దాన్ని మాత్రమే పరీక్షకు పెట్టండి.

దాన్ని ఒక వాక్యంలో రాసి, ఏ వివరం బయటపడితే అది తప్పని ఒప్పుకోవలసి వస్తుందో కిందనే రాయండి. ఒక మాట శాస్త్రీయమా కాదా అని తేల్చడానికి తత్వవేత్త కార్ల్ పాపర్ 1934లో ప్రతిపాదించిన గీటురాయి ఇదే. "సమాజం నిత్యం మారుతుంది" అన్న మాటకు అటువంటి రెండో వాక్యం దొరకదు గనుక దాన్ని పక్కన పెట్టవచ్చు. కాథలిక్కులకంటే ప్రొటెస్టెంట్లలో ఆత్మహత్యల రేటు ఎక్కువని ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త ఎమిల్ డర్కైమ్ 1897లో చెప్పినది మాత్రం లెక్కలు తిరగేసి చూడదగిన మాట.

తరువాత ఆ లెక్క విడివిడి మనుషులదో, ప్రాంతాల మొత్తానిదో చూడండి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. 1930 నాటి అమెరికా జనగణనను సమాజశాస్త్రవేత్త విలియం రాబిన్సన్ 1950లో పరిశీలించినప్పుడు, విదేశాల్లో పుట్టినవారు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువగా కనిపించింది; మనుషులను విడివిడిగా లెక్కిస్తే మాత్రం విదేశాల్లో పుట్టినవారిలోనే అది ఎక్కువగా తేలింది. అక్షరాస్యత బాగా ఉన్న రాష్ట్రాల్లోనే వారు ఎక్కువగా స్థిరపడటం దీనికి కారణం. ప్రాంతాల సగటును వ్యక్తులకు అంటగట్టకూడదన్నమాట. డర్కైమ్ కూడా ప్రాంతాల లెక్కల మీద ఎక్కువగా ఆధారపడ్డందువల్ల ఈ ఆక్షేపణ ఆయనకూ తగులుతుంది. తప్పు ఎక్కడ దొర్లి ఉండవచ్చో ఇంత కచ్చితంగా వేలుపెట్టి చూపనిచ్చే అధ్యయనాన్ని శాస్త్రం అనడానికి నాకు సంకోచం లేదు.

ప్రయోగశాల లేదన్న అభ్యంతరం దగ్గర ఎక్కువసేపు ఆగనక్కరలేదు. ఖగోళ శాస్త్రజ్ఞులు కూడా నక్షత్రాలను బల్లమీద పెట్టి పరీక్షించరు.

అయితే గ్రహాలు తమ గురించి చెప్పిన జోస్యాన్ని వినవు, మనుషులు వింటారు. బ్యాంకు దివాలా తీస్తుందన్న పుకారు నమ్మి అందరూ డబ్బు వెనక్కి తీసుకుంటే నిక్షేపంలాంటి బ్యాంకు కూడా కూలుతుందని సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1948లో వివరించాడు. అందుచేత ఒక అంచనా నిజమైనప్పుడు, అది ముందే జనానికి తెలిసిందా, తెలిసి వారి నడవడి మారిందా అన్నది విడిగా విచారించండి. ఈ మెట్టును దాటవేసేవారే ఎక్కువ.

చివరగా, వేరేవారు వేరే సమాచారంతో అదే ఫలితాన్ని రాబట్టారేమో వెతకండి. మనస్తత్వశాస్త్రంలో 100 అధ్యయనాలను మళ్లీ జరిపి 2015లో ఫలితాలు ప్రకటించినప్పుడు, గణాంకపరంగా నిలబడినవి సుమారు 36 శాతమే. ఒక్కసారే జరిగిన అధ్యయనం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, దాని ఎదుట "ఇంకా తేలలేదు" అని రాసుకోండి.