ఒకేచోట గంటసేపు కూర్చుని రాయడం ఎలా

ఒకసారి రెండు రోజుల్లో పదకొండు చోట్లు తిరిగి వచ్చాను. తీరా చూస్తే మనసులో నిలిచింది ఒక్కటే: రైలు తప్పిపోయి స్టేషనులో గడిపిన నాలుగు గంటలు. ఎదురు బెంచీ మీద ఒక పెద్దాయన తెగిన సంచి పట్టీ కుట్టుకుంటున్నారు. సూదిలో దారం ఎక్కక పక్కనున్న పిల్లవాడికి ఇచ్చారు. వాడు ఎక్కించి, అమ్మ పిలుస్తున్నా కదలకుండా కుట్టు పూర్తయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు. అప్పటి నుంచి, ఊళ్లో ఉన్నా ప్రయాణంలో ఉన్నా, నెలకోసారి ఒకచోట గంటసేపు కూర్చుని కనిపించినదల్లా రాసుకుంటున్నాను.

జనం వచ్చిపోయే మామూలు చోటు చూసుకోండి. బస్టాపు, గ్రంథాలయం మెట్లు, ఆస్పత్రి ముందు చెట్టు నీడ, ఏదైనా సరే. పేరున్న కట్టడం ఎదుట మాత్రం వద్దు, చూపంతా దాని మీదికే పోతుంది. ఫ్రెంచి రచయిత జార్జ్ పెరెక్ 1974 అక్టోబరులో పారిస్‌లోని సాన్-సుల్పీస్ కూడలిలో మూడు రోజులు కూర్చుని, వెళ్లే బస్సుల నంబర్లు, పావురాలు, గొడుగులు అన్నీ రాసుకున్నాడు. అక్కడి చర్చి గురించి ఇప్పటికే ఎందరో రాశారు కనుక, ఎవరూ పట్టించుకోని మిగతాదంతా పట్టుకోవాలన్నది ఆయన పట్టుదల.

నోటుపుస్తకం, రెండు పెన్సిళ్లు చాలు. ఫోను సంచిలో ఉంచండి. ఫొటో తీసుకున్నామంటే ఇక చూడక్కర్లేదనిపిస్తుంది.

అసలు కష్టం రాయడంలో ఉంది. "దిగులుగా ఉన్న మనిషి" అని రాయకండి. అది మీరు చూసింది కాదు, మీరు అనుకున్నది. "సంచి ఒడిలో పెట్టుకుని రెండుసార్లు తెరిచి, ఏమీ తీయకుండా మూశాడు" అని రాయండి. తీర్పు ముందే రాసేస్తే కళ్లు పని మానేస్తాయి. నాకు ఈ అలవాటు పట్టుబడటానికి ఏడాది పట్టింది. ఇప్పటికీ విశేషణం రాసిన ప్రతిసారీ కొట్టేసి మళ్లీ తలెత్తి చూస్తాను.

మొదటి ఇరవై నిమిషాలూ విసుగే. లేవకండి. ఆ తర్వాతే ఒకదానికొకటి ముడిపడతాయి. ఒకరోజు నడకదారిలో ఒక్కచోట అందరూ కాస్త పక్కకు జరిగి వెళ్లడం గమనించాను. దగ్గరికి వెళ్తే లేచిన రాయి ఒకటి ఉంది. రోజూ నడిచేవాళ్లు కిందికి చూడనైనా చూడటం లేదు, పాదాలకే తెలుసు. సంస్కృతి అనే మాటకు ఎన్నో నిర్వచనాలు చదివాను కానీ, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అందరూ తప్పుకొనే ఆ రాయి దగ్గరే అది నాకు అర్థమైంది.

అదే రోజు రాత్రి రాసినదంతా చదివి, ఒక్క వాక్యం కింద గీత గీసి ఒక ప్రశ్న రాయండి. జవాబు వెతకవద్దు. మరుసటి నెల అదే చోటికి వేరే వేళలో వెళ్లండి. డార్విన్ కూడా తన ఇంటి దగ్గరి ఒకే బాటలో ఏళ్ల తరబడి నడుస్తూ ఆలోచించాడు.

ఎవరినీ తేరిపార చూడకండి, ఎవరి పేరూ రాయకండి. ఎవరైనా అడిగితే పుస్తకం చూపించండి. ఒక పాప నా పేజీ అంతా చదివి, "కుక్కను రాయలేదేం?" అంది. వంగి చూస్తే నా బెంచీ కిందే పడుకుని ఉంది. ఆ పేజీలో చివరి వాక్యం ఆ పాపే రాసింది.