క్లాసులో క్లాసు: రేటు తప్పుగా వచ్చిన చోటు

సొంతంగా రాసుకుంటున్న చిన్న ప్రోగ్రామింగ్ భాషలో క్లాసు (ఆబ్జెక్టులను తయారుచేసే అచ్చు) లోపల క్లాసు రాసే వీలు ఉండాలని నాకు చాన్నాళ్ల కోరిక. పరీక్షకు మా కర్నూలు ఉల్లి మార్కెట్ లెక్కలే తీసుకున్నాను. 'మార్కెట్' క్లాసు, దాని లోపల 'లాట్'.

జావా భాష 1.1 వెర్షన్ దారే పట్టాను. అక్కడ కంపైలర్ (కోడ్‌ను మెషీన్‌కు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్) లోపలి క్లాసును డాలర్ గుర్తున్న పేరుతో విడి క్లాసుగా చేసి, బయటి ఆబ్జెక్టును కనపడని ఫీల్డులో (ఆబ్జెక్టు లోపల విలువ దాచుకునే చోటు) పెడుతుంది. ఆ కోడ్‌ను నడిపే వర్చువల్ మెషీన్‌ను ముట్టుకోనక్కర్లేదు. ఎంత చక్కటి ఆలోచన!

కానీ లాట్ రేటు అడిగితే మార్కెట్ రేటు వచ్చేది. రెండు రోజులు ఒకటే టెన్షన్. చూస్తే రెండు క్లాసుల్లోనూ 'రేటు' అనే ఫీల్డు ఉంది. పార్సింగ్ (కోడ్‌ను చదివి దాని నిర్మాణం పట్టుకోవడం) కాగానే, ఏ పేరు ఎవరిదో తేలకముందే, నేను లోపలి క్లాసును బయటికి లాగేస్తున్నాను. ఆ పేరు బయటి క్లాసులో కనిపిస్తే చాలు, దానికే ముడిపెట్టేస్తోంది నా కోడ్.

వరుస మార్చాను. ముందు లోపలి నుంచి బయటికి వెతుకుతూ పేర్లన్నీ తేల్చడం, ఆ తర్వాతే క్లాసులను విడదీయడం. అంతే, లాట్ రేటు సరిగ్గా వచ్చింది.

పనిలో పనిగా కోట్లిన్ అనే భాష పద్ధతి కూడా తెచ్చాను: 'ఇన్నర్' అని రాస్తేనే బయటి ఆబ్జెక్టు వెంట వస్తుంది. ఈ పద్ధతి పెట్టకపోతే, అవసరం లేకున్నా లాట్ బతికున్నంతసేపూ మార్కెట్ మొత్తం మెమరీలోనే కూర్చుంటుంది.