పాత బోర్డులో కొత్త గ్రాఫిక్స్ కార్డు: ఫ్యాన్ తిరుగుతుంది, డిస్‌ప్లే రాదు

అనంతపురంలో గ్రాఫిక్స్ కార్డు కావాలంటే చాలామంది బెంగళూరు ఎస్పీ రోడ్డుకే పోతారు. పొద్దున్నే రైలెక్కి, నాలుగు అంగళ్లు తిరిగి, రాత్రికి కార్డు బ్యాగులో పెట్టుకుని ఇల్లు చేరతారు. చేరిన గంటలోపే నాకు ఫోన్. "అన్నా, కార్డు పెట్టి ఆన్ చేస్తే డిస్‌ప్లే రావడం లేదు. కార్డు పోయినట్టుంది. రేపు మళ్లీ పోయి మార్చుకొస్తా."

రేపు పోవద్దు. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాను, కొత్త కార్డు నిజంగానే పోయి ఉండడం నేను చాలా తక్కువసార్లు చూశాను. నా బల్ల మీదికి వచ్చేవి ఎక్కువగా ఇంటెల్ ప్రాసెసర్లు పట్టే హెచ్61, హెచ్81 మదర్‌బోర్డులు, ఆఫీసుల్లో తీసేస్తే సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెల్, హెచ్‌పీ డెస్క్‌టాప్‌లు. రెండో తరం నుంచి నాలుగో తరం దాకా ఐ3, ఐ5 ప్రాసెసర్లు. వాటి గురించే రాస్తున్నాను. కేబినెట్ విప్పడం, ర్యామ్ తీసి పెట్టడం మీకు వచ్చనుకుంటున్నాను.

ఆన్ అవుతుంది, మానిటర్‌లో "నో సిగ్నల్"

ముందు కేబినెట్ వెనక్కి వెళ్లి చూడండి. మానిటర్ కేబుల్ ఎక్కడుంది? బోర్డు పోర్టులోనే ఉందా, కార్డు పోర్టులో ఉందా? కార్డు పెట్టగానే చాలా పాత బోర్డులు తమ సొంత డిస్‌ప్లేను ఆపేస్తాయి. కేబుల్ పాత చోటే ఉంటే ఎంతసేపు చూసినా ఏమీ రాదు. ఇది అందరికీ తెలిసిన విషయమే, అయినా తాడిపత్రి నుంచి, గుంతకల్లు నుంచి బస్సులో కేబినెట్ మోసుకొచ్చిన వాళ్లకు నేను చేసిందల్లా కేబుల్ మార్చడమే. ఆ బస్సు ఛార్జీ, ఆ పూట పని పోయినందుకు నాకు బాధేస్తుంది. దయచేసి ఫోన్ చేసే ముందు వెనక్కి ఒక్కసారి చూడండి.

తర్వాత కార్డు స్లాటులో పూర్తిగా దిగిందా లేదా చూడండి. పాత కేబినెట్లలో రేకు కొంచెం వంగి ఉంటుంది. వెనక స్క్రూ బిగించేటప్పుడు కార్డు స్క్రూ వైపు కిందికి దిగి, అవతలి కొస వెంట్రుకవాసి పైకి లేస్తుంది. స్క్రూ బిగించాక బంగారు రంగు పళ్లు స్లాటు అంచు మీద సన్నటి గీతలా కనిపిస్తే కార్డు లేచినట్టే. స్క్రూ వదులు చేసి, మళ్లీ నొక్కి, లాచ్ "టక్" అన్నాక బిగించండి. సెకండ్ హ్యాండ్ కార్డయితే ఆ పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది తుడవండి. మన దుమ్ముకు ఇది చాలాసార్లు పనిచేసింది.

మానిటర్ పాతది, వీజీఏ ఒక్కటే ఉంది

2016లో వచ్చిన జీటీఎక్స్ 10 సిరీస్ నుంచి ఎన్విడియా కార్డుల్లో వీజీఏకు కావాల్సిన అనలాగ్ సిగ్నల్ లేదు. డీవీఐ పోర్టు ఉన్నా అది డీవీఐ-డి. వెడల్పాటి పిన్ను చుట్టూ ఉండాల్సిన నాలుగు చిన్న రంధ్రాలు అందులో ఉండవు. పాత డీవీఐ-వీజీఏ ముక్క అందులోకి దిగదు. దిగడం లేదని ఆ నాలుగు పిన్నులూ విరిచి బలవంతంగా పెట్టినవాళ్లున్నారు. పెట్టినా లాభం లేదు, బొమ్మ రావాల్సింది ఆ పిన్నుల్లోంచే. లోపల చిప్ ఉండే హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టర్ తీసుకోండి.

డిస్‌ప్లే వస్తుంది, గేమ్ పెట్టగానే ఆగిపోతుంది

ఎస్‌ఎంపీఎస్, అంటే కేబినెట్‌లో అన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా. దాని మీద పెద్ద అక్షరాల్లో ఉన్న 450 వాట్లను చూడకండి. లేబుల్ మీద ప్లస్ 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లున్నాయో చూడండి. 14 ఆంపియర్లుంటే 12 × 14, అంటే 168 వాట్లు. ప్రాసెసర్‌కూ కార్డుకూ ప్రధానంగా అక్కడినుంచే కరెంటు పోవాలి. రెండో తరం ఐ5 2400 ఒక్కటే 95 వాట్ల ప్రాసెసర్. స్లాటు నుంచి కార్డు 75 వాట్ల దాకా లాగొచ్చు. ఇక మిగిలేది ఏమీ లేదు.

కార్డుకు 6 పిన్ల కనెక్టర్ ఉంటే మరో 75 వాట్లు, 8 పిన్లయితే 150 వాట్లు కలుపుకోండి. హార్డ్ డిస్కుకు కరెంటు ఇచ్చే సాటా వైరు నుంచి 6 పిన్లకు మార్చే చవక కన్వర్టర్లు అమ్ముతుంటారు, వాటిని వాడొద్దు. సాటా కనెక్టర్ 12 వోల్టుల్లో 54 వాట్లకే తయారైంది. ప్లాస్టిక్ కరిగి గోధుమరంగుకు తిరిగిన కనెక్టర్ ఒకటి ఇప్పటికీ నా డ్రాయరులో ఉంది, నమ్మనివాళ్లకు చూపిస్తాను.

ఆఫీసు నుంచి వచ్చిన సన్నటి డెస్క్‌టాప్‌లలో సాధారణంగా 240 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉంటుంది, మార్చడం కూడా కష్టం. వాటికి ఎక్స్‌ట్రా కరెంటు అడగని, పొట్టి బ్రాకెట్ ఉన్న కార్డే దారి.

అన్నీ బాగున్నాయి, కార్డు వేరే సిస్టమ్‌లో పనిచేస్తుంది, ఇక్కడ మాత్రం రాదు

ఇదే నన్ను బాగా దెబ్బతీసింది.

ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు వేసే ఒకాయన ఉన్నారు. కంప్యూటర్‌లో అంచు, బుటా గీసి, గ్రాఫ్ తీసి, జకార్డ్ అట్టలు కొట్టేవాళ్లకు పంపుతారు. ఒక మానిటర్‌లో డిజైన్, రెండో దాంట్లో గ్రాఫ్ పెట్టుకోవాలని బెంగళూరులో చిన్న కార్డు ఒకటి కొన్నారు. కొత్త మోడల్, ఎక్స్‌ట్రా కరెంటు అక్కర్లేదు. ఆయనది హెచ్61 బోర్డు. కార్డు పెడితే ఫ్యాన్ తిరిగింది, కీబోర్డ్‌లో నమ్ లాక్ లైటు వెలిగి ఆరింది, బీప్ లేదు, స్క్రీన్ నల్లగా ఉంది. ఎస్‌ఎంపీఎస్ మార్చాను. ర్యామ్ మార్చాను. సెల్ తీసి బయోస్‌ను, అంటే ఆన్ చేయగానే బోర్డును నడిపే ప్రోగ్రామ్‌ను, రీసెట్ చేశాను. చివరికి కార్డే పోయిందని చెప్పేశాను. ఆయన బెంగళూరుకు పోయి ఇంకొకటి తెచ్చారు. అదీ అంతే. మళ్లీ పోయారు. అక్కడ అంగట్లో రెండు కార్డులూ పెట్టి చూస్తే రెండూ బ్రహ్మాండంగా వచ్చాయి. పెళ్లిళ్ల సీజన్లో మూడు రోజుల పని నా మాట వల్ల పోయింది.

తిరిగొచ్చాక బయోస్‌లో బోర్డు డిస్‌ప్లేను మొదటిదిగా పెట్టి, కార్డును స్లాటులోనే ఉంచి, కేబుల్ బోర్డుకు పెట్టాను. విండోస్ వచ్చింది. డివైస్ మేనేజర్ తెరిస్తే కార్డు అందులో కూర్చుని ఉంది. డ్రైవర్ వేసి రెండో మానిటర్ కార్డుకు తగిలిస్తే వెంటనే బొమ్మ వచ్చింది. కార్డు బాగుంది, స్లాటు బాగుంది. ఆన్ చేసిన క్షణం నుంచి విండోస్ వచ్చేదాకా ఆ కార్డును మేల్కొలపడం బోర్డుకు చేతకావడం లేదు. అసలు విషయం అదీ.

ఎందుకో చెబుతాను. స్విచ్ వేయగానే విండోస్ ఉండదు, డ్రైవర్ ఉండదు. అప్పుడు తెరమీద బొమ్మ రావాలంటే కార్డు చిప్‌లోనే ఉన్న చిన్న ప్రోగ్రామ్‌ను బోర్డు బయోస్ నడపాలి. ఆ ప్రోగ్రామ్ రెండు రకాలు. లెగసీ అనే పాత రకం ఒకటి, యూఈఎఫ్‌ఐ అనే కొత్త రకం ఒకటి. బాగా పాత కార్డుల్లో పాతదే ఉంటుంది. మధ్యకాలంలో వచ్చిన చాలా కార్డుల్లో రెండూ ఉంటాయి. ఈ మధ్య వచ్చిన కొన్నిట్లో కొత్తది ఒక్కటే ఉంటుంది. బోర్డులో ఉన్నది పాత లెగసీ బయోస్ అయితే కొత్త రకాన్ని చదవలేదు. కన్నడ అక్షరాలు చూడ్డానికి మన అక్షరాల్లాగే ఉంటాయి, నేర్చుకోనివాళ్లకు ఉత్తరం మాత్రం అర్థం కాదు. స్లాటు సరిపోయింది కదా, కార్డు రావాలి కదా అనుకోవడం ఇక్కడే తప్పుతుంది.

మీదీ ఇదే కేసా అని తేల్చుకోవడానికి నేను ఇప్పుడు మొదట చేసే పరీక్ష అదే. కార్డు తీయకుండా బోర్డు డిస్‌ప్లేతో విండోస్‌లోకి పోవడం. బోర్డు డిస్‌ప్లే ఆగిపోతుంటే కార్డు తీసి బయోస్‌లోకి వెళ్లి, "ప్రైమరీ డిస్‌ప్లే" దగ్గర ఐజీఎఫ్‌ఎక్స్ (బోర్డు డిస్‌ప్లే) ఎంచుకోండి. "ఐజీపీయూ మల్టీ మానిటర్" ఉంటే ఆన్ చేయండి. డివైస్ మేనేజర్‌లో కార్డు కనబడిందంటే బెంగళూరు ప్రయాణం అక్కర్లేదు.

తర్వాత రన్‌లో ఎంఎస్‌ఇన్ఫో32 అని కొట్టండి. బోర్డు పేరు, బయోస్ వెర్షన్, తేదీ అన్నీ అక్కడే ఉంటాయి. "బయోస్ మోడ్" ఎదురుగా లెగసీ అని ఉన్నంత మాత్రాన బోర్డుకు యూఈఎఫ్‌ఐ లేదని అనుకోకండి. విండోస్‌ను లెగసీ పద్ధతిలో ఎక్కించినా అలాగే చూపిస్తుంది. తేదీ చూడండి. 2011 అని ఉంటే, బోర్డు కంపెనీ సైటులో 2012, 2013ల్లో ఇచ్చిన బయోస్ ఉందేమో వెతకండి. మూడో తరం ప్రాసెసర్ల కోసం అప్పట్లో చాలా బోర్డులకు కొత్త బయోస్ వచ్చింది, కొన్నిటికి దాంతోపాటే యూఈఎఫ్‌ఐ కూడా వచ్చింది. ధర్మవరం బోర్డుకు దొరికిన మందు అదే.

ఇక్కడ తొందర వద్దు. బోర్డు మూలన తెల్లటి చిన్న అక్షరాల్లో రెవిజన్ నంబర్ ఉంటుంది, 1.0, 1.1, 2.0 అని. పేరు ఒకటే అయినా రెవిజన్ మారితే బయోస్ ఫైలు మారుతుంది. ఫోన్ టార్చ్ వేసి ఆ నంబర్ ఫొటో తీసుకోండి. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. బయోస్ ఎక్కుతుండగా కరెంటు పోతే బోర్డు లేవదు. మంచి బ్యాటరీ ఉన్న యూపీఎస్ మీదే చేయండి. గాలివాన వచ్చేలా ఉంటే మర్నాటికి వాయిదా వేయండి. డెల్, హెచ్‌పీ లాంటి బ్రాండెడ్ సిస్టమ్‌లకు మోడల్ నంబర్ కొడితే వాళ్ల సైటులోనే ఫైలు దొరుకుతుంది. ఇంటెల్ సొంత పేరుతో వచ్చిన బోర్డులకు మాత్రం కష్టం. ఆ పాత ఫైళ్లను ఇంటెల్ 2019లో తన సైటు నుంచి తీసేసింది.

బోర్డులో యూఈఎఫ్‌ఐ ఉండీ రాకపోతే బయోస్‌లో సీఎస్‌ఎం (లెగసీ పద్ధతిని కూడా నడిపించే సెట్టింగ్) అనే చోటు చూడండి. అందులో వీడియోకు సంబంధించిన లైనులో "లెగసీ" ఉంటే "యూఈఎఫ్‌ఐ" చేయండి. చాలావరకు అక్కడితో సరి. సీఎస్‌ఎం మొత్తం ఆపేస్తే లెగసీ పద్ధతిలో ఎక్కించిన విండోస్ బూట్ కాదు, టెన్షన్ పడొద్దు, మళ్లీ ఆన్ చేస్తే వస్తుంది. శాశ్వతంగా ఆపాలంటే డిస్కును ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతి నుంచి జీపీటీ అనే కొత్తదానికి మార్చాలి. విండోస్ 10లో 2017 నుంచి ఎంబీఆర్‌టూజీపీటీ అనే టూల్ దానికోసమే ఉంది. ముందు డేటా బ్యాకప్ తీసుకోండి.

కొత్త బయోస్ దొరకకపోతే రెండు దారులు. బోర్డు డిస్‌ప్లేతో స్టార్ట్ చేసి, విండోస్‌లో కార్డు వాడుకోవడం. డిజైన్ పనికి ఇది చాలు. లేదా కార్డు మార్చుకోవడం. నేను లెగసీ బోర్డుల్లో పెట్టినవాటిలో జీటీఎక్స్ 750 టీఐ, జీటీ 1030, జీటీఎక్స్ 1050 టీఐ నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఇంటెల్ ఆర్క్ కార్డుల జోలికి మాత్రం ఈ బోర్డులతో పోవద్దు. వాటికి బోర్డులో రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్ని ప్రాసెసర్ ఒకేసారి అందుకునే సదుపాయం) ఉండాలని ఇంటెలే చెబుతుంది.

దీనికి తలకిందులు కేసూ ఉంది. సెక్యూర్ బూట్ (గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్‌లనే బూట్‌లో నడవనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉన్న బ్రాండెడ్ సిస్టమ్‌లో బాగా పాత కార్డు పెడితే రాదు. సెక్యూర్ బూట్ ఆపి, సీఎస్‌ఎం ఆన్ చేయండి.

పనిచేస్తుంది కానీ వేగం లేదు

2022లో వచ్చిన ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీలకు చూడ్డానికి పొడవాటి పళ్ల వరస ఉన్నా పనిచేసేవి నాలుగు లేన్లే (డేటా పోయే దారులు). రెండో తరం ప్రాసెసర్‌తో మీ స్లాటు వేగం పాత పీసీఐఈ 2.0 మాత్రమే, కాబట్టి దారి మరీ ఇరుకవుతుంది. హెచ్61లో 3.0 కావాలంటే మూడో తరం ప్రాసెసర్ వేయాలి, బోర్డు కూడా ఒప్పుకోవాలి.

డ్రైవర్ ఎక్కకపోతే విండోస్ 32 బిట్ కాదు కదా చూడండి. ఎన్విడియా 390 సిరీస్‌తోనే 32 బిట్‌కు డ్రైవర్లు ఆపేసింది.

స్లాటు చచ్చిపోవడం, ప్రాసెసర్ సాకెట్‌లో పిన్ను వంగడం, కార్డు నిజంగానే పోవడం, ఇవీ ఉంటాయి. పైవన్నీ చూశాకే వాటి గురించి ఆలోచించండి. కార్డు సంగతి తేల్చాలంటే వేరే కొత్త బోర్డులో పెట్టి చూస్తే చాలు. నా బల్ల మీద దానికోసమే యూఈఎఫ్‌ఐ ఉన్న ఒక బోర్డును కేబినెట్ లేకుండా ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాను. రైలెక్కే ముందు ఆ కార్డు తీసుకుని ఇటు రండి, ఐదు నిమిషాల్లో పెట్టి చూద్దాం. దానికి డబ్బు తీసుకోను.