ముగ్గురు పాపయ్యలు: మన కోయ కుటుంబాల పాత కాగితాలు వెతికే పద్ధతి

మాది తాడ్వాయి దగ్గర గూడెం. ఉద్యోగం హనుమకొండలో, బడి పంతులు పని. తాత పాపయ్య గురించి వెతకాలని బుద్ధి పుట్టగానే నేరుగా ఒక ఆఫీసుకు పోయి దరఖాస్తు పెట్టాను. రెండుసార్లు తిరిగినా "అలాంటి ఊరే లేదు" అన్నారు. తప్పు నాదే, గూడెం పేరు రాశాను. రెవెన్యూ లెక్కల్లో చాలా గూడేలకు వేరే పేరే ఉండదు. మీ గూడెం ఏ రెవెన్యూ గ్రామం కిందికి వస్తుందో, భూమి సర్వే నంబర్ ఎంతో తెలియకుండా బస్సెక్కకండి.

అంతకంటే ముందు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. మా మేనత్తను పాపయ్య గురించి అడిగితే "ఏ పాపయ్యరా? మనకు ముగ్గురు పాపయ్యలు" అంది. మనుమడికి తాత పేరు పెట్టుకుంటూ పోతే ఇంకేమవుతుంది! పెద్దవాళ్లను సంవత్సరాలు అడగొద్దు. రజాకార్లు తిరిగినప్పుడు నాయన నడుస్తున్నాడా, చంకలో ఉన్నాడా? ఫలానా ఆయన పోయింది 86 గోదావరి వరదకు ముందా, తర్వాతా? ఇలా అడిగితే అత్త గంటలో మూడు తరాలు వరుస పెట్టింది.

ఆ తర్వాత డోలి వాళ్లు. ఇంటిపేర్లు, గట్లు (మన వంశాల విభాగాలు), వేల్పుల కథలు పాడి వినిపించేది వాళ్లే. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ విద్యకే. మూడో గట్టా, ఐదో గట్టా అన్నది వాళ్ల దగ్గర రూఢి చేసుకోండి, తర్వాత పనికొస్తుంది. కానీ ఫోన్ పట్టుకుని పోయి "పాడు, రికార్డు చేస్తా" అనడం మర్యాద కాదు. మా వేల్పు పడిగెను, అంటే దేవుడి జెండాను, పండుగకు తప్ప విప్పరు. నేను ఏడాది ఆగాను. వడ్డెను, అంటే మా పూజారిని అడిగి, ఆయన సరేనన్నాకే ఫోన్ తీశాను.

ఇప్పుడు కాగితాలు. మన తెలంగాణ పల్లెలకు మూలం 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నారు అని రాసిన రికార్డు. తహసీల్ ఆఫీసులో సర్వే నంబర్ రాసి నకలుకు దరఖాస్తు పెట్టాలి. చేతికి రాగానే అందరూ పట్టాదారు గడి చూసి, మన పేరు లేదని నీరుగారిపోతారు. పక్కన సాగు చేస్తున్నవాళ్ల గడి చూడండి. పట్టా దొర పేరున, దున్నేది మనవాళ్లు. చాలాచోట్ల కథ అదే. మా పాపయ్య దొరికింది అక్కడే. ఇంటిపేరు ఉండాల్సిన చోట "కోయ" అని రాసి ఉంది. పట్వారీకి మా ఇంటిపేరుతో పనేముంది!

అంతకు వెనక్కి పోతే ఉర్దూ, నిజాం కాలపు రెవెన్యూ లెక్క అయిన ఫసలీ సంవత్సరాలు. ఫసలీకి 590 కలపండి: 1350 ఫసలీ అంటే 1940-41. చదివించుకోవడానికి వరంగల్ మండిబజార్‌లో ఒక రిటైర్డ్ ఉర్దూ సారును పట్టుకున్నాను. ఆయన మొదట "బాబయ్య" అని చదివారు. ఉర్దూలో బ కింద ఒక చుక్క, ప కింద మూడు. సిరా వెలిసిపోతే పాపయ్య బాబయ్య అవుతాడు. పైగా పొట్టి అచ్చులు రాయరు కాబట్టి బుచ్చయ్య, బచ్చయ్య ఒకటే. అందుకే మేనత్త చెప్పిన పేర్ల జాబితా జేబులో పెట్టుకుని కూర్చోండి.

జనాభా లెక్కల కాగితాల కోసం తిరగొద్దు. 1948 చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపరు.

జిల్లాలతో మాత్రం జాగ్రత్త. ఖమ్మం 1953 దాకా వరంగల్‌లోనే ఉండేది. ములుగు జిల్లా అయింది 2019లో. చుట్టాలు గోదావరి అవతల వెంకటాపురం వైపు ఉంటే లెక్క ఇంకోటి. అది 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా, 1953 దాకా మద్రాసు పాలన కిందే. అక్కడి పాత కాగితాల్లో నిజాం ఉర్దూ కోసం వెతికితే దొరకదు.

ఇంత తిరిగినా మా నాయనమ్మ ఏ కాగితంలోనూ లేదు. భూమి లేని ఆడమనిషి పేరు పహాణీకి ఎక్కదు. గట్టు పనికొచ్చేది ఇక్కడే. ఒకే గట్టు వాళ్లు అన్నదమ్ముల వరుస, పెళ్లి కుదరదు. కాబట్టి ఆమె పుట్టినిల్లు మా గట్టు కాదు, మా గట్టు ఇంటిపేర్లన్నీ కొట్టేయొచ్చు. మిగిలినవాటిని మేనత్తకు ఒక్కొక్కటే చదివి వినిపించాను. ఒక పేరు దగ్గర ఆగి, "మా అమ్మ, జాతరకు ముందు కొండాయి ఊరికి పోయేది" అంది. వాగు తగ్గగానే కొండాయి పోతున్నాను.