అమెరికాలో మొదటి సెమిస్టర్: కొత్తగా వచ్చిన మాస్టర్స్ విద్యార్థులకు

మాస్టర్స్ కోసం అమెరికా వచ్చాక మొదటి ఆరు వారాలు నేను ఎవరినీ ఏమీ అడగలేదు. క్లాసులో అర్థం కానిదాన్ని గదికి మోసుకొచ్చి అర్ధరాత్రి దాకా దాంతో కుస్తీ పట్టేదాన్ని. అడిగితే చులకనైపోతానేమోనన్న భయం. ఇక్కడి క్యాంపస్‌లలో సాయానికి కొదవ లేదు, కానీ నోరు తెరిచి అడిగిన వాళ్లకే అది అందుతుంది. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు మొదటి వారంలోనే తెలియాలని రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి, ఎందుకంటే వాటిలో పొరపాటు జరిగితే సరిదిద్దుకోవడం కష్టం. దిగిన ఒకటి రెండు రోజుల్లో మీ ఐ-94, అంటే మీరు అమెరికాలోకి వచ్చినట్టు ఉండే ప్రభుత్వ రికార్డు, ఆన్‌లైన్‌లో తీసి చూసుకోండి. పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో సరిపోవాలి, ఎఫ్-1 (విద్యార్థి వీసా రకం) అని ఉండాలి. తర్వాత యూనివర్సిటీలోని ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకు వెళ్లి చెక్-ఇన్ అవ్వండి. అక్కడ డీఎస్‌ఓ అని ఉంటారు. సెవిస్ అనే ప్రభుత్వ రికార్డులో మీ వివరాలు నమోదు చేసేది వాళ్లే. ఇల్లు మారితే 10 రోజుల్లోగా కొత్త అడ్రస్ వాళ్లకు చెప్పాలి. మొదట కొన్నాళ్లు ఎవరి దగ్గరో ఉండి, ఆ తర్వాత సొంతంగా అపార్ట్‌మెంట్ చూసుకునేవాళ్లు సరిగ్గా ఆ హడావిడిలోనే ఇది మర్చిపోతారు.

క్రెడిట్ల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మాస్టర్స్‌లో సాధారణంగా సెమిస్టర్‌కు 9 క్రెడిట్లుంటే ఫుల్‌టైమ్ కింద లెక్క, బ్యాచిలర్స్‌లో 12. ఒక కోర్సు కష్టంగా ఉందని డీఎస్‌ఓతో మాట్లాడకుండా డ్రాప్ చేసి ఆ లెక్క కంటే కిందకి పడిపోతే ఏకంగా వీసా స్టేటస్‌కే ఎసరు వస్తుంది. రాత్రి టెన్షన్‌లో డ్రాప్ బటన్ నొక్కకండి. తెల్లవారాక ఆఫీసుకు వెళ్లి, మీ పరిస్థితి చెప్పి, ఏం దారులున్నాయో అడగండి.

పని సంగతి సూటిగా చెబుతాను. క్లాసులు జరుగుతున్నంత కాలం క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చేయవచ్చు. క్యాంపస్ ఉద్యోగం ఖాయమయ్యాక సోషల్ సెక్యూరిటీ నంబరుకు అప్లై చేసుకోవచ్చు. బయట ఎక్కడో అనుమతి లేకుండా చేతికి డబ్బులిస్తామంటే ఒప్పుకోకండి. అప్పు తీర్చాలన్న ఒత్తిడి ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, ఆ బరువుతోనే నేనూ వచ్చాను. అయినా ఇదే చెబుతాను. చదువు పూర్తయ్యాక ఓపీటీ అనే పని అనుమతి కింద 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ అయితే ఆ పైన ఇంకో 24 నెలలు పని చేసే అవకాశం ఉంటుంది. కొన్ని వందల డాలర్ల కోసం దాన్ని పణంగా పెట్టొద్దు. మీరు ఒక్క డాలరు సంపాదించకపోయినా మరుసటి ఏడాది పన్ను శాఖకు ఫారం 8843 పంపాలి. అది కూడా ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగితే చెబుతారు.

ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు లీజు మొత్తం చదివి సంతకం పెట్టండి. నలుగురు కలిసి ఒకే లీజు మీద సంతకం పెడితే, చాలా లీజుల్లో ఒకరు వెళ్లిపోయినా అద్దె మొత్తానికి మిగతా వాళ్లదే బాధ్యత. సామాను దించకముందే గోడలు, కార్పెట్, స్టవ్, బాత్రూమ్ అన్నీ ఫోటోలు తీసి పెట్టుకోండి. డిపాజిట్ వెనక్కి అడిగే రోజున ఆ ఫోటోలే సాక్ష్యం.

ఇక నా ఆరు వారాల కథ. ప్రతి కోర్సుకూ మొదటి రోజే సిలబస్ ఇస్తారు. అందులో పాఠాల పేర్లే కాదు, మార్కులు ఎలా వేస్తారు, ఆలస్యమైతే ఎంత కోస్తారు, ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్ ఎప్పుడు అన్నీ ఉంటాయి. ఆఫీస్ అవర్స్ అంటే ప్రొఫెసర్ తన పని చేసుకునే సమయం కాబోలు, అప్పుడు వెళ్లి ఇబ్బంది పెట్టకూడదు అనుకున్నాను. నిజానికి అది విద్యార్థుల కోసమే కేటాయించిన సమయం. మిడ్‌టర్మ్‌లో నూటికి 41 వచ్చాక గానీ ఆ తలుపు దాకా వెళ్లలేదు.

తలుపు సగం తెరిచే ఉంది. అయినా లోపలికి వెళ్లే ధైర్యం లేక, ఎదురుగా ఉన్న నోటీసు బోర్డులో ఉన్నవన్నీ రెండుసార్లు చదివాను. చివరికి ఆవిడే చూసి రమ్మన్నారు. పేపరు ముందు పెట్టి, నాకేమీ అర్థం కావట్లేదన్నాను. ఆవిడ పేపరు వైపు చూడను కూడా లేదు. చేతికి మార్కర్ ఇచ్చి, "ఎక్కడి దాకా వచ్చిందో అక్కడి దాకా బోర్డు మీద రాయండి" అన్నారు. రాస్తూ మూడో లైనుకు వచ్చేసరికి నా తప్పు నాకే కనబడింది. ఆగిపోయి వెనక్కి తిరిగాను. ఆవిడ నవ్వి, వచ్చే వారం కూడా రమ్మన్నారు. నేను ఆ రోజుదాకా చదివిన చదువులో తప్పు చేస్తే దాచుకోవడమే నేర్చుకున్నాను. బోర్డు మీద తప్పు రాసి, దాని ఎదురుగా నిలబడటం అదే మొదటిసారి.

కాబట్టి వెళ్లండి. "అర్థం కాలేదు" అని కాకుండా, "ఇక్కడి దాకా చేశాను, ఇక్కడ ఆగిపోయాను" అని వెళితే ఇంకా బాగుంటుంది. ప్రొఫెసర్ దొరక్కపోతే టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఉంటారు. వ్యాసాలు, రిపోర్టుల కోసం చాలా యూనివర్సిటీల్లో రైటింగ్ సెంటర్ ఉంటుంది, దానికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు.

అడగకపోతే ఏమవుతుందో కూడా చూశాను. నాతో చదివిన ఒకబ్బాయి గడువు రాత్రి స్నేహితుడి కోడ్ తీసుకుని, వేరియబుల్ పేర్లు మార్చి సబ్మిట్ చేశాడు. సాఫ్ట్‌వేర్ పట్టేసింది. ఆ కోర్సులో ఫెయిల్ చేశారు, కోడ్ ఇచ్చిన స్నేహితుడి మీద కూడా చర్య తీసుకున్నారు. చెడ్డవాడేం కాదు, రెండు రోజులు గడువు పొడిగించమని మెయిల్ రాయడానికి మొహమాటపడ్డాడంతే. ఎవరి వాక్యమైనా, ఎవరి కోడైనా తీసుకుంటే ఎక్కడిదో చెప్పాలి. ఏఐ టూల్స్ వాడొచ్చా లేదా అన్నది కోర్సుకో రకంగా ఉంటుంది, అదీ ముందే అడగండి.

చలికాలంలో సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడే ఊళ్లు చాలా ఉన్నాయి. గదిలోంచి బయటికి రాబుద్ధి కాదు, నిద్ర పట్టదు, తిండి సహించదు. వారాల తరబడి ఇలాగే ఉంటే క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లండి. అక్కడ మాట్లాడినది మామూలుగా ప్రొఫెసర్లకు గానీ ఇంటికి గానీ చేరదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తుంటే 988 హెల్ప్‌లైన్‌కి ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, మెసేజ్ కూడా పెట్టవచ్చు. ఎమర్జెన్సీ అయితే 911. మామూలు జ్వరానికి, దగ్గుకు మాత్రం ముందు స్టూడెంట్ హెల్త్ సెంటర్‌కు వెళ్లండి. నేరుగా ఎమర్జెన్సీ రూమ్‌కు వెళితే బిల్లు భారీగా వస్తుంది.

ఇక్కడ మీ మార్కులు మీ అనుమతి లేకుండా యూనివర్సిటీ మామూలుగా మీ తల్లిదండ్రులకు చెప్పదు. 1974లో వచ్చిన ఫెర్పా చట్టం ఆ హక్కును విద్యార్థి చేతిలో పెట్టింది. అందుకే ఇంటికి ఏం చెప్పాలన్నది పూర్తిగా మనమీదే ఉంటుంది. నేను చాలా రోజులు "అంతా బాగానే ఉందమ్మా" అంటూ గడిపేశాను. ఆ మార్కర్ పట్టుకున్న రోజు రాత్రి మాత్రం ఫోన్ చేసి 41 అని చెప్పేశాను. కాసేపు అటువైపు నుంచి మాట లేదు. తర్వాత అమ్మ, "ఆ పాఠం చెప్పే మేడమ్‌తో ఒకసారి మాట్లాడకపోయావా?" అంది.

మాట్లాడానని చెప్పాను.